సైరన్ నిలిచిన చోట

పోయిన శుక్రవారం పొద్దున పప్పు ఉడుకుతుంటే మల్లేశు వచ్చాడు. మల్లేశు హైస్కూల్లో నాతో చదివినవాడు. ఇప్పుడు తాతయ్యాడు కానీ మా ఇంటికి వస్తే నేరుగా వంటగది గుమ్మం దాకా వచ్చి నిలబడే అలవాటు పోలేదు. ఆ రోజు మాత్రం బయటే ఆగి, విడిచిన చెప్పుల్ని కాలితో అటూ ఇటూ సర్దుతూ ఉండిపోయాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

"రాజవ్వా, పాటలసారు పోయిండట," అన్నాడు లోపలికొచ్చి.

అప్పుడే కుక్కర్ కూత పెట్టింది. అది ఆగేదాకా ఇద్దరం దాన్నే విన్నాం.

"గిది ఏడున్నది?" అన్నాడు మల్లేశు.

"జర కిందికున్నది," అన్నాను.

"అవు, జర కిందికే."

తల నెరిసిన ఇద్దరు మనుషులు చావు కబురు పక్కనపెట్టి కుక్కర్ కూత శ్రుతి గురించి మాట్లాడుకుంటుంటే మా కోడలు గరిటె పట్టుకొని వింతగా చూసింది. ఆ పిల్లకు చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. నోటితో చెబితే మధ్యలో ఏడుపొస్తుందని తెలుసు. అందుకని రాస్తున్నాను.

ఆయన పేరు మల్లేశు చెప్పాడు. ఇంటివాళ్ళు పేపర్లో చిన్న ఫోటో వేయించి కింద పేరు రాయించారట. విన్నాను కానీ అదెవరో పరాయి మనిషి పేరులాగే అనిపించింది. మా బడిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. హెడ్మాస్టరు, అంటే మా పెద్దసారు, "ఏం సంగీతం, తిన్నవా?" అనేవాడు. పిల్లలం పాటలసారు అనేవాళ్ళం. నిజానికి ఆ మాట ఆయనకు చెల్లదు. ఉన్నన్నాళ్ళూ మాకు ఒక్క పాట నేర్పలేదు. సినిమా పాట నేర్పమని ఎంత బతిమాలినా, "పాటలు మీకు గల్లీ గల్లీల దొరుకుతయి. దొరికినంక వట్టుకునే చెయ్యి ఉండాలె గదా. నేను చెయ్యి తయారు జేస్తున్న," అనేవాడు.

మాది ఊరు కాని ఊరు. మందమర్రి దాటాక ఒక బొగ్గుబాయి, అంటే బొగ్గు గని, దాని చుట్టూ వరసలు వరసలుగా క్వార్టర్లు. కరీంనగర్ దిక్కునుంచి వలస వచ్చిన మాలాంటివాళ్ళు కొందరు, మరాఠీవాళ్ళు కొందరు, కోస్తావాళ్ళు కొందరు, హిందీ మాట్లాడేవాళ్ళు ఇంకొందరు. సందు మారితే కూర వాసన మారేది. ఇన్ని ఇళ్ళ పిల్లలకూ బడి మాత్రం ఒక్కటే. దానికి డ్రిల్లు మాస్టరు కావాలని పెద్దసారు పైకి రాసుకుంటే వాళ్ళు సంగీతం మాస్టరును పంపించారు. ఈ అన్యాయాన్ని పెద్దసారు ఆ బడిలో ఉన్నంతకాలం చెప్పుకొని వాపోయాడు.

సారు వేములవాడ దిక్కు మనిషి. పొట్టిగా ఉండేవాడు. బొగ్గుదుమ్ము కూరలో కూడా పడే ఆ ఊళ్ళో తెల్ల పైజామా, తెల్ల లాల్చీ తప్ప తొడిగేవాడు కాదు. సాయంత్రానికి అవి బూడిద రంగుకొచ్చేవి. మర్నాడు మళ్ళీ తెల్లగా వచ్చేవాడు. "సార్, నల్ల బట్టలేసుకుంటె ఉతుకుడు తప్పుతది గదా" అని మరాఠీ పిల్ల శాంత ఒకసారి సలహా ఇచ్చింది. "మైల ఏడ వడ్డదో ఎర్కయితుండాలె బిడ్డా," అన్నాడు. అపస్వరం గురించి కూడా ఆయన మాట అదే.

కనబడ్డ ప్రతి వస్తువునూ వేలి కణుపుతో కొట్టి, తల ఓరగా పెట్టి వినడం ఆయన జబ్బు. బల్ల, బకెట్, కిటికీ ఊచ, చాయ్ గ్లాసు, ఏదైనా సరే. కొట్టి, "ఏడున్నది?" అని మమ్మల్ని అడిగేవాడు. అంటే దాని శ్రుతి పైనుందా కిందుందా చెప్పాలి. బడి గంట సంగతి చెప్పనక్కరలేదు. అది పగిలిన గంట. అది మోగినప్పుడల్లా ఆయన ముఖం పంటినొప్పి వచ్చినట్టు పెట్టేవాడు.

ఒకనాడు క్లాసు మొత్తాన్నీ క్వార్టర్ల మధ్యనున్న నల్లా దగ్గరికి తీసుకుపోయాడు. ఆడవాళ్ళు వరసలో బిందెలు పెట్టుకొని ఉన్నారు. అందులో మా అమ్మ కూడా ఉంది. మేం అవ్వ అనేవాళ్ళం. మమ్మల్ని నల్లాకు వీపు తిప్పి నిలబెట్టి, "చూడకుండ చెప్పుండ్రి, బిందె ఎప్పుడు నిండుతది?" అన్నాడు. ధార పడుతున్నకొద్దీ బిందెలో చప్పుడు కిందినుంచి పైకి జరుగుతూ పోయేది. నిండే ముందు గొంతు సన్నబడేది. రెండు బిందెలు తప్పాం. తర్వాత ఒక్కటి తప్పలేదు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు. "గిదేం సదువే, మాకెప్పటిసంది ఎర్కనే," అంది మా అవ్వ. "గదే నేను జెప్పేది అక్కా. మీకు చెవి ఎర్క, పేర్లు ఎర్కలేదు. పిల్లలకు పేర్లు చెప్తున్న," అన్నాడు సారు.

ఇంత చెవి ఉన్న మనిషికి గొంతు లేదు. మాట బొంగురే అయినా అర్థమయ్యేది కానీ, స్వరం పట్టబోతే మధ్యలో తెగేది. చిన్నప్పుడు బాగా పాడేవాడట, ఏదో జబ్బు చేసి పోయిందట. ఈ సంగతి ఆయన దిగులుగా చెప్పలేదు. "దేవుడు గొంతు వాపస్ తీస్కున్నడు. చెవులు తీస్కునుడు యాది మరిచిండు," అని నవ్వాడు. హార్మోనియం కావాలని పెద్దసారుతో పైకి రాయించాడు. దాని బదులు చాక్‌పీసుల డబ్బాలు వచ్చాయి.

సంగీతం నేర్చుకునేవాళ్ళకు ముందు ఆధారంగా ఒక సా కావాలి. తంబురాయో, హార్మోనియమో, గురువు గొంతో ఆ సా ఇస్తే దాన్ని పట్టుకొని రి గ మ ఎక్కుతారు. మాకు ఆ మూడింట్లో ఒక్కటీ లేదు. అప్పుడు ఆయనకు బొగ్గుబాయి సైరన్ తట్టింది.

రెండో షిఫ్టుకు సైరన్ మోగే వేళ మాకు లెక్కల క్లాసు. ఆ పీరియడు తనకిమ్మని పెద్దసారు వెంట పడ్డాడు. "లెక్కలకు గడియారం ఉంటె చాలు సార్. నాకు సైరన్ కావాలె," అన్నాడట. ఎన్నాళ్ళు పోరాడాడో కానీ చివరకు సాధించాడు. ఇక మా క్లాసు చూడాలి. మొదట కాసేపు తాళం. ఆయన నిజాం కాలంలో ఉర్దూ మీడియం చదివిన మనిషి. తెలుగులో పాఠం చెప్పినా లెక్క మాత్రం ఉర్దూలోనే వచ్చేది. ఏక్, దో, తీన్, చార్ అని ఆయన లెక్కపెడుతుంటే మేం తొడల మీద తాళం వేసేవాళ్ళం. సైరన్ వేళకు చెయ్యెత్తేవాడు. గది చప్పుడు లేకుండా అయ్యేది. నలభై నోళ్ళు సగం తెరుచుకొని ఉండేవి.

సైరన్ ఒక్కసారిగా మోగదు. కింద నుంచి మూలుగుతూ ఎక్కుతుంది, పైన కాసేపు నిలుస్తుంది, మళ్ళీ మూలుగుతూ దిగుతుంది. కొత్తలో మేం దాంతోపాటే ఎక్కి దాంతోపాటే దిగేవాళ్ళం. విన్నవాళ్ళు నక్కల గుంపు అనుకొని ఉంటారు. సారు ఓపిగ్గా చెప్పేవాడు. "ఎక్కేటప్పుడు వట్టకుండ్రి. దిగేటప్పుడు వట్టకుండ్రి. నిలిచిన చోట వట్టుండ్రి. గదే సా."

అందరికంటే ముందు నేను పట్టేదాన్ని. చెప్పుకోకూడదు కానీ నా గొంతు మంచిది. సైరన్ దిగిపోయాక కూడా ఆ సా ను నేను నిలిపి ఉంచితే మిగతావాళ్ళు నన్ను చూసి సర్దుకునేవాళ్ళు. "రాజవ్వా, ఇడువకు," అనేవాడు సారు. ఆయనకు లేని గొంతు నేనేనని నాకు లోపల గర్వంగా ఉండేది. ఇంకో సంగతి కూడా ఉంది. మా బాపు, అంటే మా నాన్న, బాయిలో బొగ్గు నింపే పని చేసేవాడు. ఆయనకు రెండో షిఫ్టు పడ్డ వారాల్లో, ఆ సైరన్‌కే బాయి దిగుతున్నాడని నాకు తెలుసు. ఆ వారాల్లో ఇంకాస్త గట్టిగా పట్టేదాన్ని. ఆయనకు వినబడదని తెలుసు. అయినా సరే.

బాపుకు మా సారంటే భలే వేడుక. షిఫ్టు దిగి వచ్చి, కళ్ళూ పళ్ళూ తప్ప ఒళ్ళంతా నల్లగా గడపలో కూర్చొని, ఖాళీ బువ్వగిన్నెను వేలితో టంగుమని కొట్టి, "రాజవ్వా, గిది ఏడున్నది?" అనేవాడు.

"పైకున్నది బాపూ."

"ఎందుకు పైకున్నది?"

"బువ్వ అయిపోయింది గనుక."

"గట్లయితె మీ అవ్వకు చెప్పు, కిందికి తెమ్మని," అని నవ్వేవాడు.

శ్రుతి తల్లి, లయ తండ్రి అని పెద్దల మాట ఒకటుంది. సారు దాన్ని మా మాటలో చెప్పేవాడు. "శ్రుతి అవ్వ, లయ బాపు. అవ్వ ఒళ్ళె కూసోవాలె, బాపు చెయ్యి వట్టుకొని నడువాలె. గంతే సంగీతం." ఇంటికెళ్ళి బాపుకు చెబితే, "అంటె ఎత్తుకునుడు మీ అవ్వకు, నడిపిచ్చుడు నాకా? మంచి తీర్పే చెప్పిండు మీ సారు," అన్నాడు.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు లెక్కలసారు రాలేదు. పొద్దున ఆయన పీరియడు పాటలసారుకిచ్చారు. అది సైరన్ లేని వేళ కనుక తాళాలే వేస్తున్నాం. బాపుకు ఆ వారం మొదటి షిఫ్టు. తెల్లవారుజామునే పోయాడు.

ఏక్, దో అని లెక్క నడుస్తుండగా సైరన్ మోగింది.

వేళ కాని వేళ సైరన్ మోగితే దాని అర్థమేమిటో బొగ్గుబాయి పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు. మాకు నడక వచ్చేనాటికే తెలుసు. కానీ ఆ గదిలో, ఆ సారు ముందు, మా నోళ్ళకు ఇంకొకటి అలవాటైపోయింది. సైరన్ ఎక్కింది, నిలిచింది. సారు చెయ్యి పైకి లేచింది. క్లాసంతా సా అంది. అందరికంటే ముందు నేనన్నాను. అందరికంటే గట్టిగా నేనన్నాను.

అది దిగి, ఆగకుండా మళ్ళీ ఎక్కింది. షిఫ్టు సైరన్ అలా ఎక్కదు. మల్లేశు నోరు మొదట మూతబడింది. తర్వాత ఒక్కొక్కరే ఆగారు. నాకు కళ్ళు మూసుకొని పాడే అలవాటు. చివరకు నా గొంతొక్కటే మిగిలింది. కళ్ళు తెరిచేసరికి సారు చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ముఖంలో నెత్తురు లేదు.

"బందు జెయ్యి బిడ్డా," అన్నాడు.

లోపల పైకప్పు కూలింది. బాపును సాయంత్రం పైకి తెచ్చారు. ఆ సంగతి ఇంతకంటే రాయలేను.

దినాలయ్యాక బడికి పోయాను. మాట్లాడగలిగేదాన్ని. లెక్కలు చేసేదాన్ని. శాంత నవ్విస్తే నవ్వు కూడా వచ్చేది. పాట మాత్రం రాలేదు. తమ్ముణ్ణి నిద్రపుచ్చేటప్పుడు వీపు మీద తట్టేదాన్ని కానీ జోల పాడలేకపోయేదాన్ని. నాదేం తప్పు లేదని నాకు తెలుసు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అయినా నోరు తెరవబోతే, బాపు మీద బండ పడుతుంటే నేను సా అన్నాను కదా అన్న మాట గొంతులో అడ్డం కూర్చునేది. ఇది ఎవరికి చెబితే అర్థమవుతుంది? అవ్వకు చెబుదామా అంటే ఆమె దుఃఖమే ఆమెకు చాలినంత ఉంది.

సారు తన పీరియడు మార్పించుకున్నాడు. "కొట్లాడి తీస్కుంటివి, ఇప్పుడు వద్దంటవా?" అని పెద్దసారు విసుక్కున్నాడట. శ్రుతి అవ్వ, లయ బాపు అన్న మాట ఆ తర్వాత ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

ఇప్పుడు క్లాసుకు సైరన్ లేదు. అంటే సా లేదు. మొదటిరోజు ఆయన తన గొంతుతోనే ఇవ్వబోయాడు. పాత గుడ్డ చినిగినట్టు తెగింది. మామూలుగా అయితే వెనక బెంచీవాళ్ళు నవ్వి ఉండేవాళ్ళు. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు చెప్పాడు. "సా అంటె సైరన్‌ది గాదు. ఏ ఒక్కరి సొత్తు గాదు. ఎవ్వల గొంతు ఏడ సుఖంగ నిలుస్తదో గదే వాళ్ళ సా. రేపటిసంది బెంచీ వరసల రోజుకొకలు సా ఇయ్యాలె. ఆ దినం అందరం వాళ్ళ సా వట్టుకొనే నడుస్తం."

అసలు సంగీతం మాకు అప్పుడే అర్థమైందేమో. శాంత సా సన్నగా పైనుండేది. దాన్ని పట్టుకొని పైస్థాయికి ఎక్కలేక మగపిల్లలు పిల్లికూతలు కూసేవాళ్ళు. మల్లేశుకు అప్పుడే గొంతు పగులుతోంది. వాడి సా పొద్దున ఒకచోట, కాసేపటికి ఇంకోచోట ఉండేది. "గీ దినం సా కు జర పానం బాగలేదు," అని సారు వాణ్ణి వెనకేసుకొచ్చేవాడు. సా ఎక్కడ పెట్టినా మిగతా ఆరు స్వరాలూ అదే ఎడంతో దాని వెనకే వచ్చి నిలబడేవి. ఇల్లు మారినా అన్నదమ్ముల వరస మారదు కదా, అలాగన్నమాట.

నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. నోరు పెగల్లేదు. సారు ఎదురుచూశాడు. క్లాసంతా తలలు దించుకుంది.

"సార్, ఆమెను ఇడిచిపెట్టుండ్రి, నేనిస్త," అన్నాడు మల్లేశు.

"నీ వంతు నీకొస్తది. ఆమె వంతు ఆమెదే," అన్నాడు సారు. తర్వాత, "గీ దినం సా లేదు. లయ ఉన్నది. కూసో బిడ్డా, తాళం ఎయ్యి," అన్నాడు.

ఆ పీరియడంతా తాళమే. ఏక్, దో, తీన్, చార్. అందరితోపాటు నా చెయ్యి కూడా తొడ మీద పడుతూనే ఉంది. బెంచీలన్నీ తిరిగి మళ్ళీ నా వంతు వచ్చింది. మళ్ళీ తాళమే. అలా ఎన్నిసార్లు తిరిగిందో లెక్క పెట్టలేదు. ఒకసారి పెద్దసారు గుమ్మంలో నిలబడి చూసి, "ఏం సంగీతం, పాటల క్లాసుల పాట లేదేంది?" అన్నాడు.

"ఉన్నది సార్. ఇంకా రాలే," అన్నాడు మా సారు.

నాకు కోపమొచ్చింది. అందరి ముందూ నన్ను ఎందుకిలా నిలబెడతాడు? ఒక సాయంత్రం నల్లా దగ్గర బిందె పట్టుకుంటుంటే ఆయన అటుగా వచ్చాడు. ఆగి, నిండుతున్న బిందెను వింటూ నిలబడ్డాడు. నేనే అడిగేశాను.

"సార్, నన్ను ఇడిచిపెట్టుండ్రి. నాకు రాదు. నీళ్ళు మోసుకుంట బతుకుత."

ఆయన నల్లా గట్టు మీద కూర్చున్నాడు. "నాగ్గూడ పోయింది గదా బిడ్డా గొంతు. కాని నాది పోయింది. నీది పోలే, అలిగింది. అలిగి బయట కూసున్నోళ్ళను ఎవ్వలన్న రెక్క వట్టి గుంజుకొస్తరా? పీట ఏసి, కంచం పెట్టి, సప్పుడు జెయ్యకుండ కూసుంటరు. నేను పీట ఏసి పెడుతున్న. గంతే," అన్నాడు. లేచి పోతూ, "బిందె నిండింది సూడు," అన్నాడు. నేను వినలేదు. నీళ్ళు కాళ్ళ మీదికి పొర్లాయి.

ఆలోగా బాయి కంపెనీ మా అవ్వకు పని ఇచ్చింది. బాయి పైన, కుప్పపోసిన బొగ్గులోంచి రాళ్ళు ఏరే పని. తెల్లవారుజామున లేచి, బాపు బువ్వగిన్నెలోనే బువ్వ కట్టుకొని, అదే సైరన్‌కు అదే దారిన పోయేది. ఒక పొద్దున గిన్నె మూత పెడుతుండగా సైరన్ మోగింది. నేను చెవులు మూసుకున్నాను. రోజూ మూసుకునేదాన్నే, ఆ రోజు అవ్వ చూసింది.

"ఏందే?"

"గా కూత ఇంటె బాపు యాదికొస్తడు అవ్వా." అంతటితో ఆగలేకపోయాను. క్లాసులో సా అన్న సంగతి మొత్తం చెప్పేశాను.

అవ్వ గిన్నె కింద పెట్టింది. పనికి ఆలస్యమైతే ఆ రోజు పని దొరకదు. అయినా కూర్చుంది. "నాగ్గూడ యాదికొస్తడు. గందుకే చెవి పెట్టి ఇంట. చెవులు మూసుకుంటె మీ బాపు ఎట్ల ఇనవడ్తడే?" అంది. కొంగుతో నా ముఖం తుడిచింది. "గా కూతకే లేసిండు. గా కూతకే పోయిండు. గా కూతకే ఇంటికొచ్చి నీతోని ఆడిండు. ఒక్కనాటి కూత వట్టుకొని గన్ని దినాల కూత ఇడిచిపెడ్తవా? నువ్వు సా అన్నవు. మీ బాపును సాగనంపేటందుకు మేమెవ్వలం లేకుంటిమి. నీ గొంతన్న ఉండె."

ఆమె పోయాక చాలాసేపు ఏడ్చాను. బాపు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

నా వంతు మళ్ళీ వచ్చింది. లేచాను. సారు నా వైపు చూడలేదు. తాళానికి చెయ్యి తొడ మీద పెట్టుకొని సిద్ధంగా ఉన్నాడు. సైరన్‌ది కాక ఇంకేదో ఒక సా ఇద్దామని ఇంటినుంచి అనుకుంటూ వచ్చాను. శాంతలా పైన పెడదామా, కింద పెడదామా అని. నోరు తెరిచాను. వచ్చింది. వచ్చి, సైరన్ ఎక్కడ నిలిచేదో సరిగ్గా అక్కడే నిలిచింది. నాకున్న సా అదొక్కటే.

క్లాసు ఉలిక్కిపడింది. మల్లేశు కిటికీలోంచి బాయి వైపు చూశాడు. వాడి నాయన ఆ వేళ బాయి లోపలే ఉన్నాడు మరి. శాంత నా చెయ్యి పట్టుకుంది. సైరన్ మోగలేదని, అది నా గొంతేనని అందరికీ తెలియడానికి కాస్త సమయం పట్టింది. నేను విడవలేదు. కళ్ళు కూడా మూసుకోలేదు. సారు ముఖం చూస్తూనే పాడాను.

ఆయన చెయ్యి ఎత్తలేదు. తల ఓరగా పెట్టి విన్నాడు. తర్వాత తన గొంతు కలిపాడు. తెగలేదని రాస్తే అబద్ధమవుతుంది. తెగింది. తెగిన చోటినుంచి మళ్ళీ పట్టాడు. మళ్ళీ తెగింది. మళ్ళీ పట్టాడు. లాల్చీ చేతితో కళ్ళు తుడుచుకొని, "ఇగ నడువుండ్రి," అన్నాడు. క్లాసంతా రి అంది, గ అంది. అలా పై సా దాకా ఎక్కి మళ్ళీ కిందికి దిగొచ్చాం.

పెద్దసారు కిటికీ అవతల నిలబడి ఉండడం చిట్టచివర చూశాం.

"వచ్చిందా సంగీతం?" అన్నాడు.

"వచ్చింది సార్."

పెద్దసారు పగిలిన గంట కొట్టబోయిన అటెండరును చేత్తో ఆపి, పీరియడు ఇంకాస్త సాగనిచ్చాడు.

ఏడాది తిరిగేసరికి సారుకు బదిలీ అయింది. నేను పెద్ద పాటగత్తెనేం కాలేదు. బతుకమ్మ దగ్గర మొదటి గొంతు నాది. తమ్ముడి పిల్లలకూ, నా పిల్లలకూ, వాళ్ళ పిల్లలకూ జోలపాట నాది. అంతే. అంత చాలు.

ఆయన్ని మళ్ళీ ఒకే ఒక్కసారి చూశాను. అప్పటికి నా జుట్టు సగం నెరిసింది. వేములవాడలో దర్శనం క్యూలో నిలబడ్డాను. కొంచెం ముందు ఎవరో ముసలాయన, తెల్ల లాల్చీ, క్యూ కోసం కట్టిన ఇనుప కడ్డీని వేలి కణుపుతో కొట్టి తల ఓరగా పెట్టాడు. జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయి, "జర కిందికున్నది సార్," అన్నాను.

ఆయన తిరిగి చూశాడు. చూపు సరిగా ఆనడం లేదు. "ఎవ్వలు బిడ్డా?"

"రాజవ్వను సార్. బొగ్గుబాయి బడి."

ముఖమంతా విప్పారింది. ఎట్లున్నవు, పిల్లలెందరు, ఇవేవీ అడగలేదు. ఆయన గొంతు అప్పటికి గుసగుసకు దిగిపోయింది. నా చెవి దగ్గరికి వంగి, "నీది ఏడున్నది?" అన్నాడు.

"వయసైంది సార్. కిందికి దిగింది."

"దిగితె దిగనియ్యి. నిలుస్తున్నదా?"

ఆ తోపులాటలో, కొబ్బరికాయల సంచీ చంకలో పెట్టుకొని, ఆయనకొక్కడికే వినబడేలా సా పట్టాను. ఆయన కళ్ళు మూసుకొని చెవి నావైపు తిప్పాడు. క్యూ ముందుకు కదిలింది. "ఓ పెద్దమనిషీ, నడువు, నడువు," అని వెనకాల జనం అరిచారు. భుజాల మీద చేతులు వేసి నెట్టారు. నా ఊపిరి అయిపోయేదాకా ఆయన కదలలేదు.

"నిలిచింది," అన్నాడు. అప్పుడు అడుగు ముందుకేశాడు.